బట్ట మీదికి ఎంబ్రాయిడరీ డిజైన్ దించడం: గీత వేయడం నుంచి గీత పోగొట్టడం వరకు

ఎంబ్రాయిడరీ నేర్చుకునేవారు కుట్ల మీద ఎంతో శ్రద్ధ పెడతారు గానీ, ఆ కుట్టుకు దారి చూపే గీత మీద అంత శ్రద్ధ పెట్టరు. గొలుసు కుట్టు వంకర పోయిందని, నెమలి మెడ ఒక చోట లావుగా, మరో చోట సన్నగా వచ్చిందని బాధపడినప్పుడు బట్టను ఒకసారి వెలుతురుకు పెట్టి చూస్తే, చాలాసార్లు అసలు లోపం కింది గీతలోనే కనబడుతుంది. ట్రేసింగ్ చేసేటప్పుడు కాగితం కొద్దిగా జరిగి జంట గీతలు పడి ఉంటాయి. కుట్టేవారు ఒక చోట లోపలి గీతను, మరో చోట బయటి గీతను పట్టుకుని వెళ్లి ఉంటారు.

డిజైన్ దించే పద్ధతులు చాలా ఉన్నాయి. ఏ పద్ధతి సులువు, ఏ సామాను చవక అని అడిగే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: పని పూర్తయ్యాక ఈ గీత ఎలా పోతుంది? నీటితో పోయే గీతను ఉతకడానికి వీల్లేని పట్టు మీద వేసినా, ఎప్పటికీ పోని గీతను సన్నని కాడ కుట్టు కింద వేసినా, కుట్టు ఎంత బాగా కుదిరినా ఆ బట్ట పాడైనట్టే. అందువల్ల ఈ వ్యాసంలో ప్రతి పద్ధతినీ గీత ఎలా పడుతుందన్న దాంతో పాటు, గీత ఎలా పోతుందన్న లెక్కతో కూడా చెబుతున్నాను.

ముందుగా ఒక మినహాయింపు. పోగులు లెక్కపెట్టి కుట్టే పనులకు డిజైన్ దించనవసరం లేదు. క్రాస్ స్టిచ్ అలాంటిదే. ధార్వాడ ప్రాంతపు కసూతి కూడా అలాంటిదే. వాటిలో బట్ట నేతే గళ్ల కాగితంలా పనిచేస్తుంది. ఇక్కడ చెప్పేదంతా మగ్గం వర్కు, ఆరీ (కొక్కెం సూదితో కుట్టే పని), చేతి ఎంబ్రాయిడరీ వంటి గీత వెంట నడిచే పనుల గురించి.

బట్టను సిద్ధం చేసుకోవడం

నూలు బట్ట అయితే గీత వేయడానికి ముందే నానబెట్టి, గంజి పూర్తిగా పోయేలా ఉతికి ఆరవేయాలి. కొత్త నూలు బట్ట మొదటి ఉతుకులో కొంత కుంచించుకుపోతుంది. అలా కుంచించుకోవడం ఎంబ్రాయిడరీ చేశాక జరిగితే దారం కుంచించుకోదు, బట్ట మాత్రం కుంచించుకుంటుంది. దాంతో కుట్టు చుట్టూ ముడతలు లేస్తాయి, ఎంత ఇస్త్రీ చేసినా పోవు. మంగళగిరి నూలు, ఖాదీ, పాప్లిన్ అన్నింటికీ ఈ నియమం వర్తిస్తుంది. పట్టు, రా సిల్క్, టిష్యూ, వెల్వెట్ వంటి వాటిని ఉతకకూడదు. పట్టునూ రా సిల్క్‌నూ తిరగేసి తక్కువ వేడితో ఇస్త్రీ చేస్తే సరిపోతుంది. వెల్వెట్‌ను మాత్రం నొక్కి ఇస్త్రీ చేస్తే నూగు పడుకుని శాశ్వతంగా మచ్చ కడుతుంది కాబట్టి, ఆవిరి మాత్రమే చూపించాలి.

తర్వాత పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డ పోగులు) చూసుకోవాలి. బట్ట అంచు దగ్గర ఒక పేక పోగును సూదితో లేపి మెల్లగా లాగితే, పోగు తప్పుకున్న చోట సన్నని తిన్నని దారి కనబడుతుంది. డిజైన్ అడ్డ గీతను దానికి సరిపెట్టాలి. పడుగు, పేకలకు ఏటవాలుగా దించిన డిజైన్, బట్టను ఫ్రేముకు బిగించినప్పుడు ఒక పక్కకు సాగి వంగిపోతుంది. బట్టను నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచి, ఆ మడతల వెంట వేరే రంగు దారంతో పొడవాటి కచ్చా కుట్లు వేసుకుంటే మధ్య గీతలు స్పష్టంగా ఉంటాయి. పెన్సిల్‌తో గీసుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. కచ్చా కుట్టును చివర్లో లాగేస్తే ఆనవాలు మిగలదు. పెన్సిల్‌కు ఆ భరోసా లేదు.

డిజైన్ కొలత, అమరిక

పుస్తకంలోనో ఫోన్‌లోనో నచ్చిన డిజైన్‌ను కావలసిన కొలతకు తెచ్చుకోవడానికి జిరాక్స్ దుకాణమే దగ్గరి దారి. ఎ4 కాగితంలోని బొమ్మను ఎ3కి పెంచాలంటే 141 శాతం, ఎ3 నుంచి ఎ4కు తగ్గించాలంటే 71 శాతం అని చెప్పాలి. కంప్యూటర్ నుంచి ప్రింట్ తీస్తే, కాగితానికి సరిపోయేలా కుదించే ఎంపికను తీసేసి 100 శాతం కొలతతో తీయాలి. యంత్రం అందుబాటులో లేకపోతే పాత గళ్ల పద్ధతి ఉండనే ఉంది: బొమ్మ మీద ఒక సెంటీమీటరు గళ్లు, కొత్త కాగితం మీద రెండు సెంటీమీటర్ల గళ్లు గీసి, ఒక్కో గడిలో ఉన్నది ఆ గడిలోకే ఎక్కిస్తే బొమ్మ రెట్టింపవుతుంది.

జాకెట్టుకు డిజైన్ దించేటప్పుడు మాత్రం ఇంకొంత ఆగి ఆలోచించాలి. మగ్గం వర్కు బట్టను కత్తిరించక ముందే చేస్తారు కాబట్టి, మెడ, చేతులు, భుజాలు ఎక్కడ వస్తాయో కొలతలతో ముందే గీసుకోవాలి. కొలత జాకెట్టు ఉంటే దాన్నే పరచి గీసుకోవడం మేలు. మెడ కుట్టు గీతకూ డిజైన్‌కూ మధ్య కనీసం పావు అంగుళం వదలాలి. అంత చోటు లేకపోతే పైపింగ్ వేసేటప్పుడు టైలర్ మిషను పాదం పూసల మీదికి ఎక్కుతుంది. పూసలైనా పగులుతాయి, సూదైనా విరుగుతుంది. డార్ట్ (జాకెట్టు ఒంటికి అమరేలా వేసే మడత కుట్టు) వచ్చే చోట పువ్వు పెడితే సగం పువ్వు మడతలోకి వెళ్లిపోతుంది. చేతుల అంచున తీగ డిజైన్ వేసేటప్పుడు చంక కింద కుట్టు పడే చోట రెండు కొసలూ కలిసేలా పూలను లెక్కపెట్టి సర్దుకోవాలి.

మెడ డిజైన్ రెండు వైపులా ఒకేలా రావాలంటే, సగం మాత్రమే గీయడం అన్నిటికన్నా నమ్మకమైన మార్గం. ట్రేసింగ్ పేపరును నిలువుగా మధ్యకు మడిచి, ఒక సగం మీద డిజైన్ గీసి, మడత విప్పకుండా రెండు పొరలకూ కలిపి సూదితో చిల్లులు పెడితే, విప్పి చూసినప్పుడు కుడిఎడమలు అచ్చంగా సరిపోతాయి. చేత్తో రెండోసారి గీసిన సగం ఎప్పుడూ మొదటి సగంలా ఉండదు. చేతులకు నెమలి, చిలుక, ఏనుగు వంటి బొమ్మలు పెడితే, ఒక చేతికి కాగితాన్ని ఒక వైపు నుంచి, రెండో చేతికి తిరగేసి దించాలి. మరచిపోతే ఒక నెమలి ముందుకు, మరొకటి వీపు వైపుకు చూస్తుంది.

వెలుతురుకు పెట్టి నేరుగా గీయడం

తెల్లని, లేత రంగు పలచని బట్టలకు ఇంతకన్నా శుభ్రమైన పద్ధతి లేదు. డిజైన్‌ను నల్లని స్కెచ్ పెన్నుతో లావుగా గీసి, పగటిపూట కిటికీ అద్దానికి టేపుతో అంటించి, దాని మీద బట్టను అంటించి గీస్తే సరిపోతుంది. రాత్రి పూట అయితే గాజు బల్ల కింద ట్యూబులైటు పెట్టుకోవచ్చు. తరచూ పని ఉన్నవారు ఎల్‌ఈడీ ట్రేసింగ్ ప్యాడ్ కొనుక్కోవచ్చు. నెట్, ఆర్గంజా, పలచని జార్జెట్‌లకు వెలుతురు కూడా అక్కర్లేదు. డిజైన్‌ను కిందపెట్టి బట్టను పైన బిగిస్తే గీత కనబడుతూనే ఉంటుంది. జార్జెట్ చేతి కింద జారిపోతుంది కాబట్టి, అంగుళం అంగుళానికి గుండుసూదులు పెట్టుకోవాలి.

దేనితో గీయాలన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. పెన్సిల్ వాడితే హెచ్ రకం గట్టి పెన్సిల్‌ను సన్నగా చెక్కి, తేలికగా గీయాలి. మామూలు మెత్తని పెన్సిల్ పొడి లేత రంగు దారానికి అంటుకుని, తెల్లని మల్లెపూలు బూడిద రంగుకు తిరుగుతాయి.

నీటితో పోయే నీలిరంగు పెన్నులు నూలు బట్టకు చక్కగా పనికొస్తాయి. అయితే ఆ గీత మీద, అది పూర్తిగా పోయేదాకా, ఇస్త్రీ పెట్టకూడదు. ఈ మాట నేను అనుభవించి చెబుతున్నాను. మా అక్క మనవరాలి బారసాలకు ఉయ్యాలలో పరచడానికి తెల్లని నూలు దుప్పటి కుట్టాను. అంచు చుట్టూ తీగ, మూలల్లో మొగ్గలు. కుట్టడం రాత్రి పొద్దుపోయాక ముగిసింది. బట్ట నలిగి ఉందని, ఉతకక ముందే ఒకసారి ఇస్త్రీ తిప్పాను. కళ్ల ముందే నీలి గీత మాయమైంది, మంచిదేననుకున్నాను. తెల్లారి నీళ్లలో ముంచి ఆరవేశాక, మొగ్గల పక్కన, దారం కప్పని ప్రతి చోటా టీ మరకలాంటి లేత గోధుమరంగు గీత తేలింది. ఎన్ని ఉతుకులకూ అది పోలేదు. వేడికి ఆ రంగు బట్టలో స్థిరపడిపోతుంది. సబ్బు కూడా అలాగే చేయగలదు కాబట్టి, మొదట సబ్బు లేని చల్లని నీటిలో బట్టను పూర్తిగా ముంచి, రెండు మూడు నీళ్లు మార్చి, నీలం పోయిందని నిర్ధారించుకున్నాకే ఉతకాలి. తడిగుడ్డతో పైపైన తుడిస్తే రంగు పోగుల లోపలికి దిగి, ఆరాక మళ్లీ పైకి వస్తుంది.

గాలికి పోయే ఊదారంగు పెన్ను కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే మాయమవుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఇంకా త్వరగా పోతుంది. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్లలో వానాకాలం ఉదయం గీసిన గీత సాయంత్రానికి దొరకకపోవచ్చు. ఒక పూటలో పూర్తయ్యే చిన్న పువ్వుకు తప్ప దీన్ని నమ్ముకోకూడదు.

వేడికి పోయే పెన్నులను ఇప్పుడు చాలామంది ఇష్టపడుతున్నారు. ఫ్రిక్షన్ అన్న పేరుతో అమ్మే పెన్నుల్లోని ఈ రకం సిరా సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వేడికి రంగు కోల్పోతుంది. ఇస్త్రీ చూపిస్తే చాలు, గీత మాయమవుతుంది. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఏమిటంటే, సిరా బట్ట నుంచి పోదు, దాని రంగు మాత్రమే పోతుంది. సున్నాకు 10 నుంచి 20 డిగ్రీలు దిగువన చల్లబడితే ఆ రంగు తిరిగి రావచ్చు. మన ఊళ్లలో అంత చలి ఉండదు గానీ, ఇక్కడ కుట్టించుకుని అమెరికాకో కెనడాకో తీసుకెళ్లే పెళ్లి జాకెట్టు అక్కడి చలికాలంలో ఆ చలిని చూస్తుంది. మళ్లీ ఇస్త్రీ చేస్తే గీత పోతుందన్నది నిజమే. కానీ కట్టుకున్నవారికి ఆ సంగతి తెలిసి ఉండదు. ముదురు రంగు బట్ట మీద ఈ సిరా పోయిన చోట కొన్నిసార్లు తెల్లని ఆనవాలు కూడా మిగులుతుంది. ఉతకగలిగిన నూలు బట్ట మీద, చివర్లో ఉతికేస్తామన్న ఏర్పాటుతో వాడితే మంచిదే.

కార్బన్ కాగితం

ఎంబ్రాయిడరీ సామాన్ల దుకాణంలో పసుపు, తెలుపు, నీలం, ఎరుపు రంగుల్లో దొరికే కార్బన్‌నే వాడాలి. ఆఫీసు పనికి వాడే నల్లని, ముదురు నీలం కార్బన్‌లో జిడ్డు ఎక్కువ. అది చేతికి, దారానికి, చివరకు బట్టంతటికీ పాకుతుంది. బట్టను బల్ల మీద, గట్టి చదునైన చోట పరవాలి. పరుపు మీద, చాప మీద పెట్టి గీస్తే పెన్ను మొన దిగబడి కాగితం చిరుగుతుంది. మెరిసే వైపు కిందికి ఉండేలా కార్బన్‌ను, దాని మీద డిజైన్‌ను పెట్టి, డిజైన్ కాగితాన్ని మాత్రం నాలుగు వైపులా టేపుతో బట్టకు అంటించాలి. రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో గీస్తే గీత సన్నగా, కాగితం చిరగకుండా వస్తుంది. మొదటి నాలుగైదు గీతలు గీశాక ఒక మూల మాత్రం లేపి, గీత పడుతోందో లేదో చూసుకోవాలి. గీసేటప్పుడు అరచేతిని కాగితం మీద ఆనించకూడదు. ఆ ఒత్తిడికే కార్బన్ మసకమసకగా అంటుకుంటుంది.

ఈ గీతలో మైనం ఉంటుంది, అందువల్ల వేడికి స్థిరపడుతుంది. లేత పట్టు మీద పడిన పసుపు గీతను తీయడం చాలా కష్టం. గొలుసు కుట్టు, నిండు కుట్టు, జర్దోజీ (జరీ తీగలతో చేసే పని) వంటి గీతను పూర్తిగా కప్పేసే పనికి, ఉతకగలిగే బట్టకు కార్బన్ సరైనది. గీతను కుట్టు కప్పకపోతే అది అక్కడే ఉండిపోతుందని అనుకునే మొదలుపెట్టాలి.

సూది చిల్లుల కాగితం: మగ్గం వర్కు వారి పద్ధతి

ఇప్పుడు చెప్పబోయేదాన్ని నేను అన్నిటికన్నా పైన పెడతాను. పట్టు జాకెట్టుకు ఉతుకు అక్కర్లేకుండా, మరక పడకుండా, ఒకే డిజైన్‌ను ఎన్నిసార్లయినా దించగల పద్ధతి ఇదే. ముగ్గులు వేయడానికి అమ్మే చిల్లుల డబ్బాలోంచి పిండి రాలినట్టే, కాగితానికి పెట్టిన చిల్లుల్లోంచి పొడి దిగి బట్ట మీద చుక్కల గీత పడుతుంది. లక్నో ప్రాంతపు జర్దోజీ కార్ఖానాల్లో ఈ కాగితాన్ని ఖాకా అంటారు. ఐరోపాలో కుడ్యచిత్రకారులు కొన్ని శతాబ్దాల కిందటే బొగ్గుపొడి మూటతో ఇలాగే గోడల మీదికి బొమ్మలు దించారు.

కావలసినవి: దళసరి ట్రేసింగ్ పేపర్, సన్నని సూది, నాలుగు మడతల దుప్పటి, నున్నని ఉప్పుకాగితం, జింక్ పౌడర్ (తెల్లని జింక్ ఆక్సైడ్ పొడి) లేదా నీలం పొడి, కొద్దిగా కిరోసిన్, దూది లేదా మెత్తని గుడ్డ. ట్రేసింగ్ పేపర్ 90 జీఎస్ఎం (చదరపు మీటరుకు 90 గ్రాముల బరువు) ప్రాంతంలో ఉంటే మంచిది. బటర్ పేపర్ పలచన కాబట్టి రెండోసారికే నలిగి చిరుగుతుంది.

మొదటి మెట్టు గీయడం. ట్రేసింగ్ పేపర్ మీద డిజైన్‌ను పెన్నుతో సన్నగా గీయాలి. కాగితం అంచుల్లో డిజైన్ చుట్టూ రెండు అంగుళాల ఖాళీ వదలాలి. లేదంటే పూసేటప్పుడు దూది అంచు దాటి బట్ట మీదికి జారుతుంది. బట్ట మీద వేసుకున్న మధ్య గీతలకు సరిపోయేలా కాగితం మీద కూడా మధ్య గీతలు గీసి, వాటి కొసల్లో రెండేసి చిల్లులు పెట్టుకోవాలి.

రెండో మెట్టు చిల్లులు పెట్టడం. పదో నంబరు చేతి సూదిని చెవి వైపు నుంచి పెన్సిల్ వెనకనున్న రబ్బరులోకి గుచ్చితే మంచి పిడి దొరుకుతుంది. కాగితాన్ని దుప్పటి మీద పెట్టి, సూదిని నిటారుగా పట్టుకుని, చిల్లుకూ చిల్లుకూ మధ్య ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్ల దూరంతో గుచ్చుతూ వెళ్లాలి. అంటే అంగుళానికి సుమారు 17 నుంచి 25 చిల్లులు. చిల్లులు ఇంతకన్నా దగ్గరైతే కాగితం తపాలా బిళ్లల అంచులా చిరిగిపోతుంది. దూరమైతే వంపులు కోణాలుగా మారతాయి. నెమలి కన్ను, ఆకు కొస వంటి చోట్ల దగ్గర దగ్గరగా, పొడవాటి కాడల దగ్గర కొంచెం ఎడంగా పెట్టుకోవచ్చు. రెండు గీతలు కలిసే చోట సరిగ్గా కూడలిలోనే ఒక చిల్లు పడాలి. తిన్నని గీతలకు, పెద్ద వంపులకు కుట్టు మిషనును దారం లేకుండా నడిపితే పని చాలా త్వరగా అవుతుంది. రోజూ చేసేవారికి కరెంటుతో నడిచే పంచింగ్ మిషన్లు కూడా ఉన్నాయి.

మూడో మెట్టును చాలామంది వదిలేస్తారు, తర్వాత గీత సరిగా పడలేదని కాగితాన్ని తప్పుపడతారు. సూది దిగినప్పుడు కాగితం అవతలి వైపుకు చిన్న చిన్న అంచులు లేస్తాయి. వేలితో తడిమితే గరుకుగా తగులుతాయి. ఆ వైపును నున్నని ఉప్పుకాగితంతో చాలా తేలికగా, గుండ్రంగా తిప్పుతూ రుద్దితే ఆ అంచులు రాలి చిల్లులు పూర్తిగా తెరుచుకుంటాయి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే డిజైన్ అంతా నక్షత్రాల్లా మెరవాలి. మెరవని చోట చిల్లు మూసుకుని ఉన్నట్టు. ఇలా చేస్తే కాగితం రెండు వైపులా పనికొస్తుంది కాబట్టి, చేతులకు తిరగేసి వాడుకోవచ్చు.

నాలుగో మెట్టు మిశ్రమం. ముదురు రంగు బట్టకు తెల్లని జింక్ పౌడర్, లేత రంగు బట్టకు బట్టలకు పెట్టే నీలం పొడి వాడాలి. పొడి రూపంలో దొరికే నీలాన్నే తీసుకోవాలి. అది నీటిలో గానీ కిరోసిన్‌లో గానీ కరగని మెత్తని పొడి; పోగుల మీద కూర్చుంటుంది తప్ప లోపలికి ఇంకదు. సీసాలో అమ్మే ద్రవ నీలం కరిగిన రంగు, పట్టు మీద పడితే మరకే. గిన్నెలో రెండు చెంచాల పొడి వేసి, కిరోసిన్‌ను కొద్దికొద్దిగా కలుపుతూ, ఉండలు లేకుండా చిక్కటి మజ్జిగలా చేసుకోవాలి.

కిరోసిన్ ఎందుకు, నీళ్లు పోస్తే సరిపోదా అనే ప్రశ్న సహజం. నీరు తగిలితే ట్రేసింగ్ పేపర్ ఉబ్బి అలలు తేలుతుంది, పట్టు మీద నీటి మరక కడుతుంది. కిరోసిన్ కాగితాన్ని ఉబ్బించదు. పొడిని చిల్లుల్లోంచి కిందికి చేర్చి, తాను ఆవిరైపోతుంది. ఇది ఇప్పుడు మునుపటిలా అన్ని చోట్లా దొరకడం లేదు. దొరకని చోట రంగుల దుకాణంలో అమ్మే టర్పెంటైన్ వాడవచ్చు గానీ, అది మరక వేస్తుందో లేదో ముందుగా కుట్టులోకి పోయే మార్జిన్ బట్ట మీద చూసుకోవాలి. పెట్రోలు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. కిరోసిన్‌తో చేసినా కిటికీలు తెరిచి, పొయ్యికీ దీపానికీ దూరంగా కూర్చోవాలి. తడిసిన దూదిని ఇంట్లో ఉంచకుండా బయట ఆరబెట్టి పారేయాలి. పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మంచిది.

ఐదో మెట్టు దించడం. బట్టను బల్ల మీద బిగుతుగా పరచి టేపు వేయాలి. కాగితాన్ని మధ్య గీతలు కలిసేలా పెట్టి, నాలుగు మూలలా బరువులు పెట్టాలి. దూదిని మిశ్రమంలో ముంచి, ఇంకో గుడ్డ మీద అద్ది, దాదాపు ఆరినట్టు అనిపించేదాకా పిండేయాలి. ఈ ఒక్క జాగ్రత్తే గీత సన్నగా రావడానికి, మరకలా వ్యాపించడానికి తేడా తెస్తుంది. తర్వాత ఒకే దిక్కున, ఒకే ఒత్తిడితో, చిన్న వలయాలుగా తిప్పుతూ రుద్దాలి. అంతా రుద్దడం అయ్యాక కాగితాన్ని ఒక పక్క నుంచి లేపి చూడాలి, రెండో పక్కను మాత్రం కదపకూడదు. ఎక్కడైనా చుక్కలు పడకపోతే కాగితాన్ని అలాగే వాల్చి మళ్లీ రుద్దవచ్చు. పూర్తిగా తీసేశాక మళ్లీ సరిగ్గా అదే చోట పెట్టడం దాదాపు అసాధ్యం.

మొదటిసారి ఊదారంగు రా సిల్క్ మీద కాగితాన్ని లేపి చూసినప్పటి దృశ్యం నాకింకా గుర్తుంది. చీకటి రంగు మీద తెల్లని చుక్కలు పిండి రాల్చినట్టు వరసగా, మెడ చుట్టూ మామిడి పిందెలు, వాటి మధ్య తీగ, ఒక్క చుక్క కూడా పక్కకు చెదరకుండా నిలిచి ఉన్నాయి. అంత శుభ్రమైన గీత నాకు ఏ పెన్నుతోనూ రాలేదు.

దించిన బట్టను కనీసం అరగంట ఆరనివ్వాలి. వాసన పూర్తిగా పోవడానికి ఒక రోజు గాలికి వేలాడదీయాలి. తర్వాతే ఫ్రేముకు బిగించాలి. పొడి గీత కాబట్టి చేతి రాపిడికి మెల్లగా చెరుగుతుంది. అందుకని కుడుతున్న చోటు మాత్రం తెరిచి, మిగతా డిజైన్ మీద పలచని గుడ్డ కప్పుకుని కుట్టాలి. రోజుల తరబడి సాగే పెద్ద పని అయితే ఒక చేతి డిజైన్ కుట్టాక రెండో చేతిది దించుకోవచ్చు.

కిరోసిన్ వాడటం ఇష్టం లేనివారు ఉత్త పొడితో కూడా దించవచ్చు. ముదురు బట్టకు సుద్దపొడి, లేత బట్టకు బొగ్గుపొడి పలచని గుడ్డలో మూట కట్టి, చిల్లుల మీద మెల్లగా అద్దాలి. శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారులు చింతబొగ్గుతో బట్ట మీద బొమ్మ గీసుకుంటారు. గీత నచ్చకపోతే దులిపితే పోతుంది. ఉత్త పొడికి ఉన్న బలమూ బలహీనతా అదే. ఊదితేనే చెదిరిపోతుంది కాబట్టి, వెంటనే ఆ చుక్కలను, తర్వాత చెరిపేయగలిగే గీత వేసే పెన్నుతో కలుపుకోవాలి.

వెల్వెట్, బనియన్ బట్ట, గరుకు ఉన్ని

పెన్నూ కార్బనూ నూగు మీద నిలవవు. వెల్వెట్‌కు, గరుకు ఉన్నికి పలచని టిష్యూ కాగితం మీద డిజైన్ గీసి, దాన్ని బట్టకు గుండుసూదులతో పట్టించి, ప్రతి గీత వెంటా చిన్న కచ్చా కుట్లు వేసి, కాగితాన్ని మెల్లగా చింపేయాలి. దారం గీత మిగులుతుంది. కుట్టేటప్పుడు దాన్ని కప్పేయవచ్చు, లేదా కుడుతూ కుడుతూ లాగేయవచ్చు. ఓపిక కావాలి గానీ, మరక అన్న భయమే లేదు.

సాగే టీషర్టు బట్టకు నీటిలో కరిగే షీటు బాగుంటుంది. దాని మీద డిజైన్ గీసి లేదా ప్రింట్ తీసి, బట్టకు అంటించి, షీటుతో కలిపి కుట్టాలి. అది బట్ట సాగకుండా కూడా పట్టుకుంటుంది. పని అయ్యాక గోరువెచ్చని నీటిలో నానబెడితే కరిగిపోతుంది. ఆరాక కుట్టు బిరుసుగా అనిపిస్తే జిగురు ఇంకా మిగిలి ఉన్నట్టు; మళ్లీ నీళ్లు మార్చి నానబెట్టాలి. బట్ట మొత్తం తడవాల్సిన పద్ధతి కాబట్టి జరీ, పట్టు, అంటించిన కుందన్లు ఉన్న పనికి దీన్ని తలపెట్టకూడదు.

ఇస్త్రీతో అంటించడం, అచ్చులు

ఇస్త్రీ వేడికి అంటుకునే పెన్సిళ్లతో కాగితం మీద గీసి, బోర్లించి ఇస్త్రీ పెడితే గీత బట్ట మీదికి వస్తుంది. ఇస్త్రీపెట్టెను జరపకుండా ఎత్తి ఎత్తి పెట్టాలి. ఈ గీత చాలావరకు శాశ్వతం, పైగా తిరగబడి పడుతుంది. పువ్వు తిరగబడితే ఎవరికీ తెలియదు. పేరు తిరగబడితే అందరికీ తెలుస్తుంది. తెలుగు అక్షరాలతో పేరు కుట్టేటప్పుడు కాగితం వెనక వైపు నుంచి వెలుతురుకు పెట్టి గీసుకోవాలి. తలకట్టు ఏ పక్కకు వంగింది, కొమ్ము ఏ వైపున ఉంది అన్నది ఒక్కో అక్షరానికీ చూసుకోవాలి.

ఒకే బుటాను చీరంతా వందసార్లు వేయాల్సి వస్తే చెక్క అచ్చు చేయించుకోవడం లాభం. లక్నో చికన్‌కారీలో డిజైన్‌ను చెక్క అచ్చులతో, ఉతికితే పోయే రంగుతో ముందు అద్ది, ఆ తర్వాతే కుడతారు. మనకు కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ అద్దకం కోసం టేకు చెక్క మీద అచ్చులు చెక్కే పనివారు ఉన్నారు. ఎంబ్రాయిడరీకి అచ్చు చేయించేటప్పుడు నిండు ఆకారాలు వద్దని, అంచు గీతలు మాత్రం సన్నగా చెక్కమని స్పష్టంగా చెప్పాలి.

కుట్టాక గీత తీయడం

ఏ పద్ధతిలో దించినా, అదే బట్ట ముక్క మీద, కుట్టులోకి పోయే మార్జిన్‌లో ఒక చిన్న గీత వేసి, కుట్టు పూర్తయ్యేదాకా ఉంచి, అదే విధంగా తీసి చూడాలి. ఈ రోజు గీసి ఈ రోజే తీస్తే పోయిన గీత, నెల రోజులు బట్ట మీద ఉంటే పోకపోవచ్చు. అందుకే పరీక్ష గీతను అసలు డిజైన్ దించిన రోజే వేసి, పనితో పాటే దాన్నీ ఉండనివ్వాలి.

జింక్, నీలం గీతలకు మెత్తని పొడి బ్రష్‌తో కుట్టు దిశలోనే మెల్లగా దులపడం చాలు. మిగిలిన మసకను పొడి మెత్తని గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. రుద్దితే పొడి జరీ సందుల్లోకి దూరుతుంది. అప్పటికీ మిగిలితే డ్రై క్లీనింగ్‌కు ఇచ్చేటప్పుడు ఆ మరక దేనిదో చెప్పి ఇవ్వాలి.

చిల్లుల కాగితాన్ని పని అయిన వెంటనే, పొడి ఆరిపోక ముందే, కిరోసిన్‌లో ముంచి పిండిన దూదితో రెండు వైపులా తుడిచి ఆరబెట్టాలి. ఆలస్యమైతే పొడి చిల్లుల్లో గడ్డకట్టి, మళ్లీ ఒక్కొక్కటీ గుచ్చాల్సి వస్తుంది. తెలుపుకు వాడిన కాగితాన్ని నీలానికి వాడకూడదు. రెండు రంగులకూ విడివిడిగా ఉంచుకోవాలి. మడత పెడితే మడత మీది చిల్లులు చిరుగుతాయి కాబట్టి, గొట్టంలా చుట్టి, పైన ఏ మెడకు, ఎంత చుట్టుకొలతకు వేసిన డిజైనో, ఏ వైపు పైకి ఉండాలో రాసి దాచుకోవాలి.